గడియ పడని తలుపు

పక్షివలె ఆకాశంలో విహరించాలనే కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. అమ్మమ్మ చెప్పిన పుష్పక విమానం కథ విన్న బాలుడూ, హజ్రత్ సులైమాన్ గాలిపై ప్రయాణించిన కథను నానీమా నోట విన్న బాలుడూ తలయెత్తి చూసినది ఒకే ఆకాశాన్ని. 1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలో రైట్ సోదరుల యంత్రం 12 సెకండ్ల పాటు గాలిలో నిలిచి ఆ కోరికను తీర్చింది. ఆనాటి నుండి విమాన శాస్త్రం సాధించిన ప్రగతిని విద్యార్థులు తమ పాఠ్యగ్రంథాలలో చదువుతూనే ఉన్నారు.

అయితే విమానయానంలో ఎగరడం కన్న దిగడం కష్టమైన పని. ఆకాశంలో ఉన్న విమానానికి రెండు ఆస్తులు ఉంటాయి. ఒకటి ఎత్తు, రెండవది వేగం. ఏదైనా ఆపద వస్తే పైలట్ ఈ రెండింటిలో ఒకదానిని ఖర్చు చేసి రెండవదానిని సంపాదించుకోగలడు. రన్‌వేకు ఎదురుగా వచ్చి నేలను సమీపించే ఆ చివరి దశలో మాత్రం రెండు ఆస్తులనూ ఏకకాలంలో తగ్గించుకొనక తప్పదు. పొరపాటు జరిగితే దిద్దుకొనడానికి ఎత్తూ ఉండదు, వ్యవధీ ఉండదు. బాగున్న విమానానికే ఇది పరీక్ష. అవయవాలు దెబ్బతిన్న విమానానికి ఇది ఎటువంటి పరీక్షో వేరుగా చెప్పనవసరం లేదు.

అటువంటి పరీక్ష ఒకదానిని ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచాము. 1975 ఏప్రిల్ 4వ తేదీ శుక్రవారం నాడు, వందలాది పసిపిల్లలతో సైగాన్ నగరానికి తిరిగి వచ్చి దిగబోతూ కూలిపోయిన అమెరికా సైనిక రవాణా విమానం వృత్తాంతమిది. మేము సాహిత్యం చదువుకొన్నవారమేగాని ఇంజనీర్లము కాము. అయినా ఈ విషయాన్ని ఎన్నుకొనడానికి కారణం కలదు. ఈ ప్రమాదానికి మూలం సామాన్యులకు అంతుపట్టని శాస్త్ర రహస్యం కాదు. ఒక తలుపుకు గడియలు సరిగా పడలేదు. తలుపు సంగతి, గడియ సంగతి మనందరికీ తెలిసినవే.

నాటి పరిస్థితి

1975 మార్చి నెలలో దక్షిణ వియత్నాం ప్రభుత్వ సేనలు వరుసగా పరాజయం పొందుతూ వచ్చాయి. మార్చి 29వ తేదీన డానాంగ్ నగరం ఉత్తర వియత్నాం సేనల వశమైంది. లక్షలాది ప్రజలు ఇల్లూ వాకిలీ విడిచి దక్షిణ దిశగా తరలిపోయారు. ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం వలన సైగాన్ శరణాలయాలు అప్పటికే నిండి ఉన్నాయి. ఏప్రిల్ 3వ తేదీన అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఈ పిల్లలను విమానాలలో అమెరికాకు తరలించడానికి 20 లక్షల డాలర్లు వినియోగిస్తామని ప్రకటించారు. ఈ కార్యక్రమానికి ‘ఆపరేషన్ బేబీలిఫ్ట్’ అని పేరు పెట్టారు.

ఈ కార్యక్రమం పూర్తిగా పుణ్యకార్యమేనా అనే ప్రశ్న ఆనాడే వచ్చింది. తీసుకుపోయిన పిల్లలందరూ అనాథలు కారనీ, కొందరి తలిదండ్రులు బ్రతికే ఉన్నారనీ అదే సంవత్సరం అమెరికా న్యాయస్థానంలో వ్యాజ్యం వేశారు. పేదరికం వలన బిడ్డను శరణాలయంలో తాత్కాలికంగా ఉంచిన తల్లి, ఆ బిడ్డను శాశ్వతంగా వదులుకొన్నట్లేనా? తీవ్రమైన త్వరలో జరిగే పరోపకారంలో ఇటువంటి ప్రశ్నలు అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఈ త్వర అనే మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని అవసరం కలుగుతుంది.

విమానం, దాని తలుపు

ఈ పనికి వచ్చిన తొలి పెద్ద సైనిక విమానం లాక్‌హీడ్ సంస్థ నిర్మించిన సీ-5ఏ గెలాక్సీ. ఈ తరహా విమానం మొదటిసారి 1968 జూన్ 30న ఎగిరింది. పొడవు 75 మీటర్లు. నాలుగు ఇంజన్లు. ఆనాటి ప్రపంచంలోని అతి పెద్ద విమానాలలో ఇది ఒకటి. కింది అంతస్తు సామగ్రికి, పై అంతస్తు సైనికులు కూర్చొనడానికి ఏర్పాటు చేసినవి. టాంకులను సైతం నేరుగా లోపలికి నడిపించడానికి వీలుగా ముందు భాగమూ వెనుక భాగమూ తెరుచుకొంటాయి. వెనుక భాగంలో నేలకు వాలే ర్యాంపు ఒకటి, దానిని ఆనుకొని లోపలి గాలిని బిగించి ఉంచే తలుపు ఒకటి ఉంటాయి. విమానం ఎగిరేటప్పుడు ర్యాంపు పైకి లేచి, గడియలతో శరీరానికి బిగిసిపోతుంది.

ఆ గడియలు మోసే భారం ఎంతటిదో విద్యార్థులు గ్రహించాలి. 23 వేల అడుగుల ఎత్తులో, అనగా సుమారు 7 వేల మీటర్ల ఎత్తులో, బయటి గాలి ఒత్తిడి సముద్ర మట్టం వద్ద ఉండే ఒత్తిడిలో అయిదింట రెండు వంతులు మాత్రమే. ఆ గాలితో మనిషి ఎక్కువసేపు స్పృహలో ఉండలేడు. గావున విమానం లోపలికి గాలిని ఒత్తి నింపుతారు. లోపలి గాలి ప్రతి గోడనూ, ప్రతి తలుపునూ బయటికి తోస్తూ ఉంటుంది. ఆ బలం చదరపు మీటరుకు కొన్ని టన్నులు ఉంటుంది. వంటింటిలోని ప్రెషర్ కుక్కర్ మూత సరిగా పడకపోతే ఏమవుతుందో ఎరిగినవారికి ఇంతకన్న వివరణ అక్కరలేదు.

ఏప్రిల్ 4వ తేదీన ఈ విమానం ఫిలిప్పీన్స్ దేశంలోని క్లార్క్ వైమానిక స్థావరం నుండి సైగాన్‌లోని టాన్ సొన్ న్యూట్ విమానాశ్రయానికి వచ్చింది. వచ్చేటప్పుడు మోసుకొని వచ్చినవి ఫిరంగులు. ఫిరంగులు దించి పిల్లలను ఎక్కించుకొన్నది. పసికందులను పై అంతస్తులో ఒక్కొక్క ఆసనంలో ఇద్దరిని చొప్పున దిండ్లతో సర్ది పట్టీలతో బిగించారు. పెద్ద పిల్లలను, తోడుగా వచ్చిన పెద్దలను కింది అంతస్తులో ఆసనాలు లేని సామగ్రి నేలమీద కూర్చుండబెట్టారు. మొత్తం 300 మందికి పైగా ఎక్కారు. సాయంత్రం 4 గంటల ప్రాంతంలో విమానం లేచింది. కెప్టెన్ డెనిస్ ట్రేనర్ పైలట్, కెప్టెన్ టిల్ఫర్డ్ హార్ప్ సహ పైలట్.

తోక తెగిన విమానం

విమానం లేచిన సుమారు 12 నిమిషాలకు, వుంగ్ టౌ తీరం దాటి సముద్రం మీద 23 వేల అడుగుల ఎత్తుకు చేరినప్పుడు, వెనుక ర్యాంపు గడియలు విడిపోయాయి. తలుపు పేలినట్లుగా ఊడిపోయింది. లోపలి గాలి ఒక్కసారిగా బయటికి దూసుకుపోయింది. విమానమంతా మంచువంటి తెల్లని ఆవిరి కమ్ముకొన్నది. ఊడిపోయిన భాగాలు తోకకు పోయే నియంత్రణ తీగలను తెంచివేశాయి. నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలలో రెండు పనిచేయకుండా పోయాయి.

దీని అర్థమేమిటో కొంత వివరించాలి. విమానం తోకలో రెండు ముఖ్యమైన పలకలు ఉంటాయి. ముక్కును పైకి ఎత్తడానికి, కిందికి దించడానికి ఉపయోగపడేది ఎలివేటర్. కుడి ఎడమలకు తిప్పేది రడ్డర్. రెక్కల చివర ఉండే ఐలెరాన్లు విమానాన్ని పక్కకు ఒరిగిస్తాయి. రెక్కల మీద లేచే స్పాయిలర్లు గాలి మోసే బలాన్ని తగ్గిస్తాయి. ట్రేనర్ చేతిలో ఆ నిమిషాన మిగిలినవి ఒక ఐలెరాను, స్పాయిలర్లు, నాలుగు ఇంజన్ల బలం మాత్రమే. ఎలివేటరు లేదు, రడ్డరు లేదు. గుర్రానికి కళ్ళెం తెగిపోయింది. మడమతో పొడిచి వేగం పెంచడం, తగ్గించడం మాత్రమే రౌతు వశంలో ఉన్నాయి.

ఎలివేటరు లేనప్పుడు ముక్కును ఎత్తేది ఎట్లా? ప్రతి విమానం ఒకానొక వేగానికి సమతూకంలో అమర్చి ఉంటుంది. ఆ వేగం కన్న ఎక్కువగా పోతే రెక్కలు మోసే బలం పెరిగి విమానం పైకి లేస్తుంది. తక్కువగా పోతే ముక్కు వాలి దిగుతుంది. దిగేటప్పుడు వేగం పెరుగుతుంది గనుక మళ్ళీ లేస్తుంది. ఈ విధంగా విమానం సముద్రపు అలవలె లేస్తూ పడుతూ పోతుంది. ఇంజన్ల బలాన్ని సరైన సమయంలో పెంచి తగ్గించి ఈ అలను కొంతవరకు అదుపులో పెట్టవచ్చును. ట్రేనరు, హార్పు చేసినది అదే. ఇటువంటి స్థితిలో గెలాక్సీ విమానాన్ని నడిపే పద్ధతిని వారికి ఎవరూ నేర్పలేదు. ఆకాశంలోనే నేర్చుకొన్నారు. ఆ భారీ విమానాన్ని వెనుకకు మళ్ళించి సైగాన్ వైపు తీసుకువచ్చారు.

ఇక్కడే దిగడంలోని కష్టం బయటపడుతుంది. మామూలుగా దిగాలంటే వేగం బాగా తగ్గాలి. కాని ఈ విమానం సమతూకంలో ఉన్నది ఆకాశంలో ఎగబ్రాకుతున్నప్పటి అధిక వేగం దగ్గర. వేగం తగ్గిస్తే ముక్కు నేలకు వాలిపోతుంది. ముక్కు నిలబడాలంటే వేగం ఉండాలి. అంత వేగంతో చక్రాలు నేలను తాకడం ప్రమాదం. వారు ప్రమాదకరమైన వేగాన్నే ఎన్నుకొన్నారు. ఎన్నుకొనడానికి మరొకటి లేదు.

రన్‌వేకు ఎదురుగా రావడానికి చివరి మలుపు తిప్పుతుండగా విమానం అకస్మాత్తుగా దిగసాగింది. ఒరిగిన విమానానికి రెక్కల బలంలో కొంత పక్కకు పోతుంది, పైకి మోసే బలం తగ్గుతుంది. ఎలివేటరు ఉంటే ముక్కును కొద్దిగా ఎత్తి ఆ లోటు పూడ్చుకొంటారు. ఇక్కడ ఆ అవకాశం లేదు. ఇక రన్‌వే అందదని ట్రేనర్ గ్రహించారు. ఇంజన్ల బలమంతా పెంచి, రెక్కలను సమం చేసి, ముక్కు లేచేటట్లు చూసి, రన్‌వేకు సుమారు 4 కిలోమీటర్ల ఇవతల వరి పొలాలలో దించారు. విమానం సుమారు 400 మీటర్లు జారి, మళ్ళీ గాలిలోకి లేచి, సైగాన్ నదిని దాటి, ఆవలి గట్టును ఢీకొని నాలుగు ముక్కలయింది.

మరణించినవారు 138 మంది. వారిలో 78 మంది పిల్లలు. సైగాన్‌లోని అమెరికా రక్షణ కార్యాలయ సిబ్బంది 35 మంది కూడా వారిలో ఉన్నారు. వారు పిల్లలకు తోడుగా బయలుదేరినవారు. కింది అంతస్తులో ఉన్నవారిలో అత్యధికులు చనిపోయారు. పై అంతస్తులో ఉన్నవారిలో అత్యధికులు బ్రతికారు. బ్రతికినవారు 170 మందికి పైగా ఉన్నారు.

విమానం పడిన చోట బురద. దారి లేదు. హెలికాప్టర్లు కొంత దూరంలో దిగాయి. రెజీనా ఔన్ అనే నర్సు లెఫ్టినెంటుగా ఆ విమానంలో ఉన్నారు. పాదం, వెన్నెముక దెబ్బతిని కూడా, నిలబడే శక్తి ఉన్నంత వరకు ఆమె పసిపిల్లలను బురదలో మోసుకుపోయి అందించారు. ఆ సేవకు ఆమెకు చెనీ అవార్డు లభించింది. ఈ పురస్కారం పొందిన మొదటి మహిళ ఆమెయే. కింది అంతస్తులో పిల్లలను చూసుకొంటున్న మరొక నర్సు, కెప్టెన్ మేరీ క్లింకర్, 27 ఏళ్ళ వయసులో అక్కడే మరణించారు. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారక కుడ్యం మీద ఎనిమిది మంది స్త్రీల పేర్లు మాత్రమే ఉన్నాయి. వారిలో ఆమె ఒకరు.

విచారణలో తేలినది

మొదట ఇది శత్రువుల విద్రోహ చర్యయని అనుమానించారు. యుద్ధ సమయం గనుక ఆ అనుమానం సహజమే. కాని శత్రువు లేకుండానే ఈ ఘోరం జరిగింది. సముద్రంలో పడిన భాగాలను, విమాన సమాచారం నమోదు చేసే పరికరాన్ని అమెరికా నౌకాదళం వెదికి తీసింది. పొలాలలో పడినవాటిని స్థానికులు తీసుకుపోగా, డబ్బు ఇచ్చి తిరిగి సేకరించవలసి వచ్చింది. ఆ భాగాలూ, మరమ్మతుల రికార్డులూ కలిపి చూడగా అసలు సంగతి బయటపడింది.

ర్యాంపు గడియల భాగాలను కొన్నింటిని అంతకుముందు విప్పి మరొక విమానానికి వాడుకొన్నారు. విడిభాగాల కొరత ఉన్నచోట ఇట్లా జరగడం కలదు. తరువాత తిరిగి బిగించిన పని సరిగా జరగలేదు. కొలతల ప్రకారం సరిచేయవలసిన అమరిక సరిగా లేదు. ఆనాడు సైగాన్‌లో తలుపు మూసేటప్పుడు గడియలు ఇబ్బంది పెట్టాయని కూడా తెలిసింది. కొన్ని గడియలు పట్టలేదు. వాటి భారం పట్టిన గడియల మీద పడింది. విమానం పైకి పోయే కొద్దీ లోపలి ఒత్తిడి పెరిగి, చివరకు అవి కూడా విడిపోయాయి. నేలమీద నిలిచి ఉన్నప్పుడు ఆ తలుపు మూసిన తలుపువలెనే కనబడి ఉంటుంది. దొంగ గడియ తన దొంగతనాన్ని నేలమీద చూపదు, ఆకాశంలో చూపుతుంది.

ఒక్కరైనా బ్రతికారంటే పైలట్ ఇంజన్ల బలాన్ని ప్రయోగించిన అసాధారణ విధానమూ, అదుపు కొంతైనా మిగిలి ఉండగానే నేలకు దించాలన్న నిర్ణయమూ కారణమని విచారణ సంఘం అభిప్రాయపడింది. ట్రేనర్‌కు, హార్ప్‌కు ఎయిర్ ఫోర్స్ క్రాస్ పతకాలు లభించాయి.

బ్రతికిన పిల్లల కథ అంతటితో ముగియలేదు. గాలి పలుచబడిన ఆ నిమిషాలలో ప్రాణవాయువు చాలక వారి మెదడుకు హాని కలిగిందా అనే వివాదం సంవత్సరాల తరబడి న్యాయస్థానాలలో నడిచింది. హాని ఇంకా రుజువు కాకపోయినా, హాని ఉన్నదో లేదో తెలుసుకొనే వైద్య పరీక్షల ఖర్చును నిర్మాణ సంస్థ భరించాలని 1984లో వాషింగ్టన్ అప్పీలు న్యాయస్థానం నిర్ణయించింది. న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ తీర్పు నేటికీ పాఠ్యాంశమే.

ఇతరుల ఆపద నుండి నేర్చుకొనేది

తలుపు ఊడితే నియంత్రణ తీగలు తెగుతాయనే సంగతి 1975 నాటికి లోకానికి తెలియనిది కాదు. 1972 జూన్ 12న అమెరికా, కెనడాల సరిహద్దులోని విండ్సర్ నగరం మీదుగా పోతున్న డీసీ-10 విమానం సామగ్రి తలుపు ఊడి, నేల కుంగి, తీగలు దెబ్బతిన్నాయి. ఆనాడు అందులోని 67 మందీ బ్రతికి బయటపడ్డారు. హెచ్చరిక అందింది, ప్రాణ నష్టం లేదు. ఇంతకన్న చౌకగా దొరికే పాఠం ఉండదు. అయినా 1974 మార్చి 3న పారిస్ సమీపంలో టర్కిష్ ఎయిర్‌లైన్స్ వారి డీసీ-10 విమానం తలుపు అదే విధంగా ఊడి 346 మంది మరణించారు.

ఆ విచారణలో బయటపడిన ఒక చిన్న విషయం మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. విండ్సర్ సంఘటన తరువాత ఆ తలుపు గడియకు ఒక బలపు పలకను బిగించాలని నిర్ణయించారు. కూలిపోయిన విమానానికి ఆ పలక లేదు. కాని కర్మాగారపు రికార్డులో ఆ పని పూర్తి అయినట్లు తనిఖీదారుల ముద్రలు ఉన్నాయి. పని లేదు, ముద్ర ఉన్నది. తరువాత ఆ విమానాన్ని నడిపిన వారందరూ ఆ ముద్రను నమ్మారు.

1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 విమానం కూలి 520 మంది మరణించడానికి కారణం కూడా ఇటువంటిదే. ఏడేళ్ళ కిందట, 1978లో, వెనుక భాగపు గోడకు చేసిన మరమ్మతులో రివెట్ల అమరిక సరిగా లేదు. ఆ గోడ ఏడేళ్ళు ఓర్చుకొని ఒకనాడు పగిలింది.

కాని నేర్చుకొన్నవారూ ఉన్నారు. జపాన్ ప్రమాదం తరువాత డెనిస్ ఫిచ్ అనే అమెరికన్ శిక్షకుడు, ఇంజన్ల బలం తప్ప మరేమీ లేని విమానాన్ని ఎట్లా నడపాలి అని ఆలోచించి, అభ్యాస యంత్రంలో సాధన చేశారు. ఆ పని చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. 1989 జూలై 19న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి డీసీ-10 విమానంలో తోక ఇంజను పగిలి హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ నశించినప్పుడు, ఆయన ఆ విమానంలో ప్రయాణికునిగా ఉన్నారు. కెప్టెన్ ఆల్ హేన్స్‌కు తోడుగా నిలిచి ఇంజన్లను నడిపారు. సియూ సిటీ రన్‌వే మీద ఆ విమానం విరిగి మండింది. 112 మంది మరణించారు. 184 మంది బ్రతికారు. ఎవరో చనిపోయిన కథను శ్రద్ధగా చదివిన ఒక మనిషి చదువు ఆనాడు అంతమందికి అక్కరకు వచ్చింది. చదువు ఎందుకని అడిగే విద్యార్థికి మేము చెప్పగల సమాధానాలలో ఇదొకటి.

అమానత్

ఉర్దూలో ‘అమానత్’ అనే గొప్ప మాట ఒకటి ఉన్నది. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచినది, చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించవలసినది అని దాని అర్థం. ఆ మాట తెలుగులోకి వచ్చి అక్షరాలు తారుమారై ‘అనామతు’ అయినది. లెక్కల పుస్తకాలలో ‘అనామతు ఖాతా’ అని రాసే గుమాస్తాలలో చాలమందికి తాము ఉర్దూ మాట రాస్తున్నామనే సంగతి తెలియదు. సంస్కృతంలో దీనినే ‘న్యాసం’ అంటారు. అమానత్‌ను హక్కుదారునికి అప్పగించాలని దివ్య ఖురాన్ ఆదేశిస్తున్నది. ప్రవక్త మహనీయులను దైవవాణి అవతరించక ముందే మక్కా ప్రజలు ‘అల్ అమీన్’ అని, అనగా నమ్మకస్థుడని, పిలుచుకొన్నారు. ఏ భాషలో చెప్పినా, ఏ మతంలో చెప్పినా మాట ఒక్కటే.

ఆ రోజు విమానంలో ఉన్న ప్రతి బిడ్డా అమానతే. శరణాలయం వారు నర్సులకు అప్పగించారు. నర్సులు విమానానికి అప్పగించారు. విమానం పైలట్‌కు అప్పగించినది. పైలట్ తన అమానత్‌ను చేతనైనంత వరకు కాపాడారు. నర్సులు ప్రాణాలొడ్డి కాపాడారు. కాని వీరందరికన్న ముందు ఆ బిడ్డలు, పేరు తెలియని ఒక పనివాని చేతికి అప్పగింపబడి ఉన్నారు. అతడు ఎన్నడూ వారిని చూడలేదు. గడియ బిగించిన రోజున, ఆ గడియ ఎవరిని కాపాడవలసి ఉన్నదో అతనికి తెలియదు. బహుశా ఆనాడు కూడా త్వర ఉండవచ్చు. పై అధికారి తొందరపెట్టి ఉండవచ్చు. అతనిని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. తన పని ఎవరికి చేరుతుందో తెలియని వానికే అమానత్ ఎక్కువ బరువైనది అని మాత్రమే మా మనవి.

విద్యార్థులకు నీతి చెప్పే ముందు మా సంగతి చెప్పడం న్యాయం. పరీక్షలు దగ్గర పడినప్పుడు విద్యార్థుల రికార్డు పుస్తకాలు గుట్టలుగా వస్తాయి. ఆ త్వరలో పుటలు తిప్పుతూ, చదవకుండానే సంతకం చేసిన సందర్భాలు మా జీవితంలో లేవని చెప్పలేము. ఒక సంవత్సరం ఒక పుస్తకంలో వ్యాసం సగంలో ఆగిపోయి ఉన్నది. దాని కింద మా సంతకం ఉన్నది. ఆ విద్యార్థియే తీసుకువచ్చి, “సార్, ఇది నేను పూర్తి చేయలేదు. మీరు సంతకం చేశారు. పూర్తి చేయమంటారా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు మేము తలవంచుకొన్నాము. దాని వలన ఎవరి ప్రాణమూ పోలేదు. కాని పని లేని చోట ముద్ర ఉన్నది అనే వాక్యాన్ని పారిస్ ప్రమాదపు వృత్తాంతంలో చదివినప్పుడు మాకు గుర్తుకు వచ్చినది ఆ పుటయే.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు ఇంజనీర్లు అవుతారు. కొందరు కాంపౌండర్లు, గుమాస్తాలు, ఎలక్ట్రీషియన్లు, ఉపాధ్యాయులు అవుతారు. విమానం నడిపేవారు ఒకరో ఇద్దరో ఉండవచ్చు. కాని గడియ బిగించేవారు మీలో ప్రతి ఒక్కరూ ఉంటారు. ప్రయోగశాలలో చేయని ప్రయోగానికి పక్కవాని పుస్తకం చూసి కొలతలు రాసేటప్పుడు, గ్యాస్ కుళాయి కట్టినట్లే ఉన్నదిలే అని బయటికి నడిచేటప్పుడు, ఒక్క నిమిషం ఆగి చేతితో తడిమి చూడండి. కళాశాల పాలక వర్గం వారికి కూడా మా మనవి ఒకటి. మెట్ల కింద ఉన్న విద్యుత్ మీటర్లను, మేడ పిట్టగోడను ఏటా ఒకసారి పరీక్షించినట్లు రికార్డు ఉంటే చాలదు. పరీక్షించిన మనిషి ఉండాలి. ఈ కళాశాలలో చదివే పిల్లలు కూడా తలిదండ్రులు నమ్మి అప్పగించిన అమానతే.

1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమైంది. యుద్ధం ముగిసింది. ఆపరేషన్ బేబీలిఫ్ట్ ద్వారా 2,500 మందికి మించిన పిల్లలు దేశం దాటారు. ఆ తొలి విమానంలో బ్రతికిన పిల్లలు పెరిగి పెద్దవారై తమ జీవితాలు గడుపుతున్నారు. తమను కాపాడిన పైలట్‌ను వారిలో కొందరు తరువాతి కాలంలో కలుసుకొన్నారు. తలుపు మూసిన మనిషి ఎవరో వారికి తెలియదు. తెలియవలసిన అవసరం కూడా లేదు. గడియ సరిగా పడిన రోజున ఆ మనిషి పేరు ఎవరూ అడగరు. అడగకుండా ఉండేటట్లు చేసే పనియే మంచి పని అని మేము నమ్ముతున్నాము.